కూత లెక్క

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. బాస్కెట్‌బాల్లో ఒక్కో జట్టుకు ఎంతమంది ఆడతారో కూడా తెలియని మనిషి చెప్పిన లెక్క పట్టుకుని, బాగా చదువుకున్న ఒక పెద్దమనిషి ఏడాది పొడుగునా పందేలు కాశాడు. ఆ తెలియని మనిషి మన ఓబదయ్య. ఊరు కోవెలకుంట్ల పక్కన ఒక పల్లె. ఉద్యోగం అల్ ఖోబర్‌లో ఒక క్లబ్బు వాళ్ళ ఇండోర్ స్టేడియంలో నేల తుడవడం.

నేల తుడవడమేగా అని తీసిపారేయకండి. ఆట జరుగుతున్నంతసేపూ బుట్ట కింద, గీతకు అవతల, మాప్ కర్ర పట్టుకుని గొంతుక్కూర్చోవాలి. ఆటగాడు జారిపడితే చెక్కనేల మీద చెమట మరక పడుతుంది. దాని మీద ఇంకొకడు కాలు వేశాడో, మోకాలు పోయినట్టే. అందుకని విజిల్ వినపడగానే పరుగెత్తి, తుడిచి, ఆట మళ్ళీ మొదలయ్యేలోగా వెనక్కి వచ్చి పడాలి. ముందు వరసలో టిక్కెట్టు కొన్న షేకులకు కూడా ఆటను అంత దగ్గర నుంచి చూసే వైభోగం లేదు. చూడడమైతే చూసేవాడుగానీ ఓబదయ్యకు ఆ ఆట తలకెక్కేది కాదు. ఎక్కడానికి తల అక్కడుంటే కదా. అది హుఫూఫ్‌లో ఉండేది.

హుఫూఫ్‌లో అతని భార్య పుష్ప ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఖోబర్‌లో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే హుఫూఫ్‌లో దిగొచ్చు. అంత దగ్గర. అయినా ఇద్దరూ కలుసుకునేది ఎప్పుడో ఒక శుక్రవారం, అదీ ఆ ఇంటి వెనక గేటు దగ్గర, చెత్త సంచి పారేయడానికి ఆమె బయటికి వచ్చినప్పుడు. ఆ ఇంట్లో యజమాని తల్లి మంచాన పడింది. బాగా భారీ మనిషి. ఆమెను లేపి కూర్చోబెట్టడం, పక్కకు తిప్పడం, స్నానాల గదికి మోసుకుపోవడం అన్నీ పుష్ప మీదే. మోసీ మోసీ పుష్ప నడుము పోయింది. ఒకసారి ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడ నర్సుగా చేస్తున్న కాకినాడ అమ్మాయి, సుజిత, ఎక్స్‌రే చూసిన డాక్టరు మాటను తెలుగులో చెప్పింది.

"ఇంక బరువులెత్తారంటే కాలు పడిపోద్దండీ అక్కా. నవ్వులాట కాదిది."

ఎత్తకపోతే ఆ ఇంట్లో పనేముంది? అలాగని మేడమ్ దుర్మార్గురాలేం కాదు పాపం. అత్తగారి మంచం దగ్గర ఆమె కూడా చిక్కి సగమైపోయింది. పుష్పను వదులుకుంటే ఇంత ఓర్పు గల మనిషి మళ్ళీ దొరకదని ఆమె భయం. ఆ భయం ఎవరి నడుము మీద పడిందో చూశారుగా.

దీనికి ఒకటే దారి. కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, మారాలి. ఇప్పటి యజమాని తనాజుల్ ఇవ్వాలి, అంటే ఈ మనిషిని వదిలేస్తున్నానని ఫోన్లో ఒప్పుకోవాలి. కొత్త యజమాని తీసుకుంటున్నానని తన ఫోన్లో నొక్కాలి. ఒకరు నొక్కి రెండోవాళ్ళు నొక్కకపోతే పని గాలిలో దీపమే. ఖోబర్‌లో అట్లాంటి కుటుంబం దొరుకుతుందా, బరువులెత్తే పనిలేని ఇల్లు దొరుకుతుందా అని ఓబదయ్య అడగని మనిషి లేడు. చివరికి ఆ దేవుడు తబ్రేజ్ రూపంలో దిగి వచ్చాడు. దిగి వచ్చాడనే అనుకున్నాడు మరి.

తబ్రేజ్‌ది హైదరాబాదు. ఖోబర్‌లో పనివాళ్ళను కుదిర్చే ఒక ఆఫీసులో కాగితాల పని చూస్తాడు. స్టాటిస్టిక్స్‌లో పీజీ చేశాడు, ఆ చదువు ఆ ఆఫీసులో తుప్పుపట్టిపోతోందని మనిషికి లోపల మంట. ప్రతి మ్యాచ్‌కూ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి ఒక మూల కూర్చునేవాడు. ఒకరోజు ఆట అయిపోయాక ఓబదయ్యను బయట టీ కొట్టు దగ్గరికి పిలిచాడు.

"నీ భార్య సంగతి అనీస్ చెప్పిండు" అన్నాడు. అనీస్ అంటే స్టేడియం గేటు దగ్గరుండే లక్నో గార్డు. "నాకెరికైన ఇంజినీర్ ఫ్యామిలీ ఒకటుంది ఈడ. ఇద్దరు పిల్లలు, వంటపని. గంతే. మేడమ్‌తోని తనాజుల్ ఇప్పిచ్చు, మిగిలింది నేను జేస్త. నాకొక్క సాయం జెయ్యాలె నువ్వు."

"చెప్పండి సార్. ప్రాణమడిగినా ఇస్తా."

"ప్రాణమెందుకయ్యా. లెక్క గావాలె."

ఆ లెక్కేమిటో అతను టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు. ఆటలో ఎన్ని పాయింట్లు వస్తాయో ముందే అంచనా కట్టాలంటే, ఒక్కో జట్టు చేతికి బంతి ఎన్నిసార్లు వస్తుందో తెలియాలి. దాన్ని పొసెషన్ అంటారు. వచ్చిన ప్రతిసారీ సగటున ఎన్ని పాయింట్లు చేస్తారో దానితో గుణిస్తే మొత్తం తేలుతుంది. పెద్ద పెద్ద లీగుల్లో పొసెషన్లను ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు, సూత్రంతో అంచనా వేస్తారు. వేసిన షాట్లు తీసుకో, తప్పిపోయి మళ్ళీ అదే జట్టుకు చిక్కినవి తీసెయ్, పోగొట్టుకున్న బంతులు కలుపు, ఫ్రీ త్రోల్లో సగానికి కాస్త తక్కువ కలుపు. కానీ ఈ చిన్న లీగులో స్కోరు తప్ప ఆ వివరాలేవీ రాసేవాళ్ళు లేరు. అందుకని కంటితో చూసి లెక్కపెట్టే మనిషి కావాలి.

తబ్రేజ్ ఇదంతా చెబుతుంటే ఓబదయ్యకు సగం చెవిలోనే ఆగిపోయింది. పుష్ప, ఇద్దరు పిల్లలు, వంటపని అన్న మాటలే లోపల తిరుగుతున్నాయి.

"బంతి చేతులుండి పోయిందంటే ఒక పొసెషన్ అయిపోయినట్టు. సమజైందా?" అన్నాడు తబ్రేజ్.

"కూత మాదిరి అన్నమాట."

"ఏంది కూత?"

"మా పక్క కబడ్డీలో సార్. ఒక దమ్ముకు ఒక కూత. దమ్ము వదిల్తే ఆ కూత ఐపాయ. నేను పీర్ల పండగ పోటీల్లో ఆడినోణ్ణే."

తబ్రేజ్‌కు కబడ్డీ మీద గానీ కూత మీద గానీ ఆసక్తి లేదు. ఫోన్ చూసుకుంటూ, "ఆ, గట్లనే అనుకో" అన్నాడు.

ఈ 'గట్లనే అనుకో' గుర్తుపెట్టుకోండి. కొంపలు ముంచింది అదే.

లెక్కపెట్టడానికి తబ్రేజ్ ఒక చిన్న మిషన్ ఇచ్చాడు. తస్బీహ్ జపం చేసేవాళ్ళు వేలికి ఉంగరంలా తగిలించుకుంటారే, నొక్కితే ఒక అంకె పెరుగుతుంది, అది. ఈ దేశంలో టాక్సీవాడి నుంచి టోకు వ్యాపారి దాకా ఎవరి వేలికైనా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఓబదయ్య బుట్ట కింద కూర్చుని నొక్కేవాడు. ప్రతి క్వార్టరు చివరా అంకె వాట్సాప్‌లో పంపేవాడు. అది చూసి అనీస్ కళ్ళు చెమర్చాయి. "మాషాల్లా ఓబద్ భాయ్, ఆట మధ్యలో కూడా అల్లా జిక్రా?" అని భుజం తట్టి, ఖర్జూరాల డబ్బా తెచ్చి ఇచ్చాడు. ఏసయ్యను నమ్ముకున్న ఓబదయ్యకు ఆ ఖర్జూరం గొంతు దిగలేదు.

గొంతు దిగకపోవడానికి ఇంకో కారణముంది. ఆ అంకెలు ఎక్కడికి పోతున్నాయో అప్పటికి అతనికి తెలిసిపోయింది. కోచ్‌ల కోసమేమో అనుకున్నాడు మొదట్లో. ఒకరోజు తబ్రేజ్ ల్యాప్‌టాప్‌లో పందేల సైటు కనపడింది. ప్రపంచంలో ఏ మూల బంతి ఎగిరినా పందెం కట్టించుకునే సైటు. ఈ దేశంలో జూదమంటే మాటలా? పట్టుకుంటే జైలు, ఆ తర్వాత విమానం, జన్మలో మళ్ళీ రానివ్వరు. తను విమానమెక్కితే పుష్ప ఒక్కతే ఇక్కడ మిగులుతుంది. పాపం సంగతి సరే, అది దేవుడూ తనూ తేల్చుకుంటారు. మానేద్దామా అనుకున్నాడు. ఆ శుక్రవారం పుష్ప చెత్త సంచిని ఎత్తలేక నేల మీద లాక్కుంటూ వచ్చింది. ఇక మానలేదు.

పైగా పందేలు గెలుస్తున్నాయి. తబ్రేజ్ ఓబదయ్యను 'ఉస్తాద్' అని పిలవడం మొదలుపెట్టాడు. మనిషిలో కొత్త నడక వచ్చింది. ఓబదయ్యకు మాత్రం ఒకటే ప్రశ్న. కనపడినప్పుడల్లా అదే అడిగేవాడు, ఇంజినీర్ వాళ్ళు ఇంకా ఉన్నారా సార్, వేరే మనిషిని పెట్టుకోలేదు కదా సార్ అని. ఆ ఇంజినీర్ పేరేమిటో, ఇల్లెక్కడో అడగలేదు. అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమోనని మొహమాటం. ఏం మొహమాటమయ్యా నీది, అని ఇప్పుడు మనం తిట్టుకోవాల్సిందే.

చిన్నా పెద్దా లీగుల జట్లన్నీ ఆడే కప్పు ఫైనల్ గురువారమనగా బుధవారం పుష్ప దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మేడమ్ ఫోన్లోంచి చేసింది.

"మేడమ్ ఒప్పుకునిందయ్యా. తనాజుల్ ఇస్తానంది. నేను నిన్న వంటింట్లో పడిపోతి. అది చూసి ఏడ్చింది, ఒప్పుకునింది."

"యాడ పడితివి? దెబ్బ తగిలిందా?"

"అదట్ల ఉండనీ, ఇది విను. యజమానికి తబూక్‌కు ఉద్యోగం మారిందంట. శనివారం అందరూ పోతాండారు. ఆలోపల కొత్త కఫీల్ తీసుకుంటే సరేసరి. లేకుంటే ముసలామె కోసరం నన్ను గూడా తోడ్కోని పోతారంట."

"తబూక్ యాడుండాది?"

"ఈ దేశానికి ఆ కొసంట. సూర్యుడు కుంకే పక్క. నువ్వు రాలేవు ఆడికి."

"శనివారం దాకా ఎందుకు పుష్పా. రేపే ఐపోతాది. తబ్రేజ్ సార్ ఉండాడు గదా."

పరుగున తబ్రేజ్ దగ్గరికి పోయాడు. తబ్రేజ్ ల్యాప్‌టాప్‌లో మునిగి ఉన్నాడు. రియాద్ జట్టు ఒకటి ఫైనల్‌కు వస్తోంది, అది మామూలుగా పెద్ద లీగులో ఆడే జట్టు, దాని లెక్కలన్నీ సైటులో దొరుకుతాయి. ఖోబర్ జట్టు లెక్కలు ఓబదయ్యవి. రెండూ కలిపితే అతను కట్టుకున్న లెక్కల మోడల్ ఏం చెబుతోందంటే, ఈ ఆటలో పాయింట్ల వర్షం కురుస్తుంది, మొత్తం ఇన్ని పాయింట్లు దాటుతుందా లేదా అని సైటువాళ్ళు పెట్టిన గీతను అవలీలగా దాటిపోతుంది. ఇంత తేడా అతను ఏడాదిలో ఎప్పుడూ చూడలేదు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"సార్, ఇంజినీర్ సార్‌కు ఇప్పుడే ఒక్క ఫోన్ కొట్టండి సార్."

"జేస్తనయ్యా. నా దిమాక్ ఇప్పుడు దీంట్ల ఉంది. రేపు ఫైనల్ అయిపోనీ, ఈణ్ణుంచి సీదా వాళ్ళింటికే పోదాం, ఇద్దరం. నా మీద నమ్మకం లేదా?"

ఉంది సార్, అన్నాడు ఓబదయ్య. ఇంకేమంటాడు.

గురువారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఫైనల్. ఓబదయ్య బుట్ట కింద కూర్చున్నాడు. వేలు నొక్కుతోంది, నొక్కుతూనే ఉంది. అతని లెక్కలో ఆట పరుగులు పెడుతోంది. కానీ స్కోరు బోర్డు మాత్రం నత్తనడక నడుస్తోంది. రెండో సగానికి వచ్చేసరికి తబ్రేజ్ లేచి నిలబడ్డాడు. మూడో క్వార్టరు అయ్యాక మళ్ళీ కూర్చున్నాడు, ఆ తర్వాత లేవలేదు. ఆట ముగిసింది. ఖోబర్ గెలిచిందని జనం గంతులు వేశారు. ఎవరు గెలిచారన్నది తబ్రేజ్‌కు అక్కర్లేదు, మొత్తం పాయింట్లు కావాలి. అవి ఆ గీతకు ఆమడ దూరంలో ఆగిపోయాయి.

బయట కారు దగ్గర ఓబదయ్య కోసం నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కు" అన్నాడు. ఇంజినీర్ ఇంటికే అనుకుని ఓబదయ్య గబగబా ఎక్కాడు. తబ్రేజ్ కారు తియ్యలేదు. ఫోన్లో ఆనాటి ఆట వీడియో పెట్టి చేతికిచ్చాడు. "నా ముందు లెక్కపెట్టు. ఎట్ల పెడ్తవో చూస్త."

ఓబదయ్య పెట్టాడు. ఒకడు బుట్టలో వేశాడు, నొక్కాడు. అవతలివాడి చేతిలోంచి బంతి జారి బయటికి పోయింది, నొక్కాడు. ఇంకొకడు వేసింది తప్పిపోయింది, నొక్కాడు. ఆ తప్పిన బంతిని అదే జట్టులోని పొడుగువాడు ఎగిరి అందుకుని మళ్ళీ వేశాడు. మళ్ళీ నొక్కాడు.

"ఆపు. గిదేంది? గిప్పుడెందుకు నొక్కినవ్?"

"రెండో కూత గదా సార్."

"రెండోదెట్లయితది? బంతి అదే టీమ్ దగ్గర ఉంది గదా."

"బంతి చేతిలోంచి పాయ గదా సార్. దమ్ము వదిలినట్లే. మళ్లా పట్టుకున్యాడంటే మళ్లా దమ్ము పీల్చినట్ల. అది కొత్త కూతే. మీరే చెప్తిరి గదా, చేతిలోంచి పోతే ఐపోయినట్లని."

తబ్రేజ్ తల స్టీరింగ్‌కు ఆనించాడు. బంతి అవతలి జట్టుకు పోయేదాకా అది ఒకటే పొసెషన్. తప్పినా, మళ్ళీ పట్టినా, మళ్ళీ తప్పినా, అదే. ఓబదయ్య ఏడాది పొడుగునా దాన్ని రెండుగా, మూడుగా లెక్కపెట్టాడు. మరి ఇన్నాళ్ళూ ఎలా గెలిచారంటారా? అదే సోలతో కొలిచి అదే సోలతో పంచినంతకాలం సోల చిన్నదని ఎవరికీ తెలియదు. బంతి వచ్చిన సార్లు ఎక్కువ వేశాడు, కాబట్టి ఒక్కోసారికి వచ్చే పాయింట్లు తక్కువ తేలాయి. గుణిస్తే సరిపోయేది. ఫైనల్లో రియాద్ జట్టు పాయింట్లు సైటు వాళ్ళు సరైన సోలతో కొలిచినవి. ఓబదయ్య సోలతో వాటిని గుణించేసరికి ధాన్యం లేని గాదె నిండిపోయినట్టు కనపడింది.

తబ్రేజ్ నవ్వాడు. ఏడిస్తే బాగుండేది.

"తప్పు నీది గాదు. గట్లనే అనుకో అన్నది నేనే" అన్నాడు. "నా పైసలే కాదు ఓబదయ్యా. ఆఫీసువి గూడ పెట్టిన."

ఓబదయ్యకు ఆ మాట సగమే అర్థమయింది. "సార్, ఇంజినీర్ సార్ ఇల్లు..."

"దిగు."

"ఆయన పేరన్నా చెప్పండి సార్. నేనే పోయి కాళ్ళు పట్టుకుంటా."

"రేపు ఫోన్ జెయ్. ఇప్పుడు దిగు."

దిగాడు. దిగక తప్పుతుందా. శుక్రవారం పొద్దున్నుంచి ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. ఆఫీసుకు పోతే శుక్రవారం కాబట్టి తాళం. తబ్రేజ్ గదికి పోతే, అతను బట్టలు సర్దుకుని తెల్లారకముందే వెళ్ళిపోయాడని పక్కగది మలయాళీ చెప్పాడు. ఎక్కడికన్నది ఎవరికీ తెలియదు. ఖోబర్‌లో ఇద్దరు పిల్లలున్న ఇంజినీర్లు ఎంతమందో! ఇండియన్ స్కూలు దగ్గరికి పోయాడు, సెలవు. కనపడిన కారునల్లా ఆపి అడిగాడు, ఎవరికైనా వంటమనిషి కావాలా సార్, ఇవాళే నొక్కాలి సార్ అని. ఒకాయన పిచ్చివాడనుకుని అద్దం ఎక్కించేశాడు. ఇంకొకాయన జాలిపడి, ఆదివారం రమ్మన్నాడు.

జుమ్మా అయ్యాక హుఫూఫ్ బస్సెక్కాడు. దారంతా ఖర్జూరపు తోటలు పోతున్నాయి. ఒక్క మాట కూడా కుదరడం లేదు, ఎలా చెప్పాలి, ఏమని మొదలుపెట్టాలి అని. వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు పెద్ద వ్యాను ఆగి ఉంది. మంచాలు, పరుపులు, ముసలామె చక్రాల కుర్చీ ఎక్కిస్తున్నారు. శనివారం పొద్దున ప్రయాణమట. ఓబదయ్య వెనక గేటు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి పుష్ప చెత్త సంచితో వచ్చింది. అతన్ని చూసి ముఖం విప్పారింది.

"నొక్కినారా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. పుష్ప సంచిని కింద పెట్టి గోడకు ఆనుకుంది. అతను చెప్పుకుంటూ పోయాడు. తబ్రేజ్, పందెం, ఫైనల్, కూత, అంతా. దాచలేదు. చెబుతుంటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. కూత దగ్గరికొచ్చేసరికి పుష్ప పెదవి మీద చిన్న నవ్వు వచ్చింది.

"అప్పుడూ ఇట్లనే జేస్తివి" అంది. "పీర్ల పండగ పోటీల్లో. నడిమధ్యలో దమ్ము పీల్చుకోని, ఇది కొత్త కూత అని రెఫరీతో కొట్లాడితివి. ఊరంతా నవ్విరి. నేను గూడా నవ్వితి. ఆ నవ్వినందుకే గదా మా ఇంటి చుట్టూ తిరిగితివి."

"పుష్పా, నన్ను కొట్టు. తిట్టు."

"తిట్టేదానికి టయిము లేదు, మేడమ్ పిలుస్తాది." వేలితో కళ్ళు తుడుచుకుంది. "ఈ తూరి తప్పిపాయ. ఐతే ఏమాయ. మళ్లా ఇంకో తూరి ఉంటాది గదా? తబూక్‌లో గూడా మనుషులుంటారు. మళ్లా కొత్తగా మొదలుపెట్టొచ్చు గదా?"

ఓబదయ్య ఆమె ముఖంలోకి చూశాడు. తప్పినదాన్ని మళ్ళీ పట్టుకున్నంత మాత్రాన కొత్తది కాదు. అదే కఫీలు, అదే ముసలామె, అదే నడుము. ఇప్పుడతనికి లెక్క బాగా తెలుసు.

"ఉంటాది" అన్నాడు. "కొత్త కూతే పుష్పా."

ఏడాది పాటు తెలియక చెప్పిన తప్పు లెక్కను మొదటిసారి తెలిసి చెప్పాడు. పుష్ప సరేనన్నట్టు తల ఊపింది. లోపలి నుంచి మేడమ్ పిలిచింది. ఓబదయ్య చెత్త సంచిని తీసుకున్నాడు. ఆమె గోడ పట్టుకుని, చెయ్యి మార్చి చెయ్యి వేసుకుంటూ ఇంటివైపు నడిచింది. ఎడమకాలు నేల మీద ఈడుస్తోంది. ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఫోన్లో చెప్పలేదు.